వైఫై డబ్బా గొంతు తగ్గించడం ఎందుకు?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో వాడుకొనే వైఫై గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను ఇంజనీరును కాను. రెవెన్యూ శాఖలో 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. అయితే ముప్పై అయిదేళ్లపాటు ఫైలు చదవడం, లెక్క సరిచూడడం, నోటు పెట్టడం చేసిన మనిషికి ఒక అలవాటు మిగిలిపోతుంది. ఎవరైనా ఒక మాట చెబితే "దానికి ఆధారం ఏమిటి?" అని అడగడం. ఆ అలవాటుతోనే మా ఇంటి వైఫైని కూడా ఒక ఫైలులాగా విప్పి చూశాను. అందులో తేలిన విషయం ఒక్కటే ఈరోజు మనవి చేస్తాను. ఇంట్లో రెండు మూడు వైఫై డబ్బాలు ఉన్నప్పుడు అన్నీ పూర్తి శక్తితో పనిచేయడం మేలు కాదు. కొన్నిటి గొంతు తగ్గిస్తేనే మన మాట సరిగా నడుస్తుంది.

ఇది కుర్రవాళ్ల వ్యవహారం, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. నిజానికి ఇది వారికన్నా మనకే ఎక్కువ అవసరం. మనలో చాలామంది ఇళ్లలో ల్యాండ్‌లైను తీసివేశాము. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్‌కు 2021లో ముఖం చూపించి ధ్రువీకరించే పద్ధతి కూడా చేర్చారు. అంటే మనం బ్రతికే ఉన్నామన్న రుజువు కూడా ఇప్పుడు ఈ తీగలేని దారి గుండానే పోవచ్చునన్నమాట. ఇక గోడలు మందంగా ఉన్న లోపలి గదులలో సెల్‌ఫోను సిగ్నల్ అందదు. అక్కడ వైఫై మీదుగా మాట్లాడుకొనే సౌకర్యం మన దేశంలో పెద్ద కంపెనీలు 2019 చివర, 2020 మొదట్లో ప్రవేశపెట్టాయి. కనుక వైఫై సరిగా లేకపోతే మనకు పోయేది సినిమా కాదు, మాట.

మా ఇంటి సంగతి చెబుతాను. 1988లో కట్టించిన తూర్పు ముఖం ఇల్లు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు. ఈశాన్యం వైపు హాలు, వాస్తు ప్రకారం నైరుతి మూల పడకగది, అందులోనే ఇనుప బీరువా. పైన ఒక గది, దాని ముందు బాల్కనీ. ఒక్క రౌటరుతో ఇల్లంతా అందడం లేదని మా అమ్మాయి డబ్బు పంపి మెష్ వైఫై పెట్టించింది. మెష్ అంటే వేరేమీ కాదు. ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో పనిచేసే రెండు మూడు డబ్బాల జట్టు. ఒకటి హాలులో, ఒకటి నైరుతి గదిలో, ఒకటి మేడ మీద. మనం ఫోను పట్టుకొని ఒక గదిలోనుంచి మరొక గదిలోకి వెళ్లినప్పుడు, ఫోను హాలు డబ్బాను వదిలి దగ్గరలో ఉన్న డబ్బాను పట్టుకోవాలి. దానికోసమే అంత ఖర్చు.

పెట్టిన కుర్రవాడు అన్నిటినీ నూరు శాతం శక్తి మీద ఉంచి వెళ్లాడు. ఫోనులో గీతలు నిండుగా కనబడేవి. కానీ హాలులో మొదలుపెట్టిన మాట నైరుతి గదిలోకి వెళ్లేసరికి ముక్కలయ్యేది. పిల్లలతో కబుర్లు కాబట్టి "ఆ, వినిపిస్తోందా?" అంటూ నెట్టుకొచ్చాము.

మా శ్రీమతికి అంతకు ముందు సంవత్సరమే గుండెకు స్టెంటు వేశారు. ఒక రాత్రి ఆవిడకు ఛాతీలో బరువుగా ఉందంటే, ఆవిడ ఫోనుతోనే డాక్టరుగారిని పిలిచాను. హాలులో మాట బాగానే వినిపించింది. "ఆమె దగ్గరకు వెళ్లి నేను చెప్పేది చూసి చెప్పండి" అన్నారాయన. గదిలోకి అడుగు పెట్టగానే ఆయన గొంతు తెగిపోయింది. నాలుక కింద పెట్టవలసిన మాత్ర సంగతి చెబుతున్నారని మాత్రం తెలుస్తోంది, ఎన్ని అన్నది వినబడడం లేదు. నేను హాలులోకి పరుగెత్తడం, విని మళ్లీ గదిలోకి రావడం, మళ్లీ వెనక్కి పోవడం. భగవంతుని దయవల్ల ఆ రాత్రి ప్రమాదమేమీ జరగలేదు. కానీ మంచం దగ్గర నిలబడి మాట్లాడలేని ఫోను ఎందుకన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

మర్నాడు ఆ కుర్రవాడిని పిలిపించాను. "గీతలు ఫుల్లుగా ఉన్నాయి కదండీ, ఇంకో డబ్బా పెట్టించుకోండి" అన్నాడు. నాకు సమాధానం కుదరలేదు. గీతలు నిండుగా ఉండి మాట తెగితే, లోపం గీతలలో కనబడని చోట ఎక్కడో ఉండాలి. అది ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మీకు పది నిమిషాలలో చెప్పేస్తాను.

మనం పనిచేసిన ఆఫీసులనే తలచుకోండి. వరండాలో డఫేదారు నిలబడి కక్షిదారు పేరు పెట్టి గట్టిగా కేక వేసేవాడు. ఎక్కడో వేపచెట్టు కింద కూర్చున్న ముసలాయనకు అది చక్కగా వినిపించేది. ఆయన "వస్తున్నా బాబూ" అని అక్కడి నుంచే అనేవాడు. ఆయన పీల గొంతు డఫేదారుకు చేరేది కాదు. "పార్టీ గైరుహాజరు" అని డఫేదారు లోపలికి వెళ్లిపోయేవాడు. ఇందులో డఫేదారు కేకలో లోపం లేదు. లోపం తిరుగు దారిలో ఉంది.

వైఫై కూడా రెండు వైపుల సంభాషణే. ఉదాహరణకు ఇంటి డబ్బా 200 మిల్లీవాట్ల శక్తితో పలుకుతుందనుకోండి. చేతిలోని ఫోను చిన్న బ్యాటరీ మీద బ్రతికేది కాబట్టి 30 మిల్లీవాట్ల ప్రాంతంలోనే బదులు పలుకుతుంది. ఫోనులో కనబడే గీతలు డబ్బా కేక ఫోనుకు ఎంత వినబడుతోందో చెబుతాయే గాని, ఫోను మాట డబ్బాకు ఎంత వినబడుతోందో చెప్పవు. నిండు గీతలు ఉండగా మాట తెగడంలోని ఒక రహస్యం ఇది.

రెండవ రహస్యం ఇంకా ముఖ్యమైనది. ఏ డబ్బాను పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్న చివరి నిర్ణయం ఫోనుదే, డబ్బాది కాదు. కొత్త రకం డబ్బాలు "అటు వెళ్లు" అని సలహా ఇవ్వగలవు. వినడం, వినకపోవడం ఫోను ఇష్టం. ఫోను తాను పట్టుకొన్న డబ్బా బలహీనపడిందని అనుకొన్నప్పుడే రెండవదాని కోసం వెతుకుతుంది. ఆపిల్ కంపెనీ తన ఐఫోన్లకు ఆ హద్దు మైనస్ 70 డిబిఎం అని బహిరంగంగానే ప్రకటించింది. మాట నడుస్తుండగా కొత్త డబ్బా పాతదానికన్నా కనీసం 8 అంకెలు మెరుగ్గా ఉంటేనే మారుతుందని కూడా చెప్పింది. మిగిలిన కంపెనీల ఫోన్లది ఒక్కొక్కదానిది ఒక్కొక్క లెక్క.

ఈ డిబిఎం అన్నది చూసి భయపడనవసరం లేదు. ఒక మిల్లీవాటును సున్నా అనుకొంటే, 10 మిల్లీవాట్లు 10 డిబిఎం, 100 మిల్లీవాట్లు 20 డిబిఎం. శక్తి రెట్టింపు అయితే 3 కలుస్తుంది, సగమైతే 3 తగ్గుతుంది. ఫోను దాకా వచ్చేసరికి మిగిలేది అతి స్వల్పం కాబట్టి అంకె ముందు మైనస్ గుర్తు పడుతుంది. దానిని అప్పులాగా చూడండి. మైనస్ 45 అంటే తక్కువ అప్పు, హాయి. మైనస్ 67 వరకు మాటకు, బొమ్మకు ఇబ్బంది ఉండదు. మైనస్ 80 అంటే దివాలాకు దగ్గర.

ఆండ్రాయిడ్ ఫోనులో ఈ అంకెలు చూపించే వైఫై ఎనలైజర్ రకం యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఒక నోటుబుక్కు తీసుకొని, ఇంట్లో ఆరు చోట్ల నిలబడి, ప్రతి డబ్బా అంకెనూ పట్టికలాగా రాసుకొన్నాను. నైరుతి గదిలో మంచం దగ్గర ఆ గది డబ్బా మైనస్ 44 చూపించింది. దూరాన ఉన్న హాలు డబ్బా 2.4 గిగాహెర్ట్జ్ మీద మైనస్ 66 చూపించింది. పట్టిక చూడగానే విషయం తేటతెల్లమైంది. మా శ్రీమతి ఫోను మా అమ్మాయి పంపిన ఐఫోను. హాలు డబ్బా మైనస్ 66 దగ్గర వినబడుతున్నంతసేపు, మైనస్ 70 హద్దు దాటలేదు కాబట్టి, పక్కనే ఉన్న మంచి డబ్బాను వెతకవలసిన అవసరమే దానికి తోచలేదు. హాలు డబ్బా కేక అంత దూరం వినబడడమే దానికి సంకెల అయింది. ఫోను తిరుగు మాట ఎనిమిది అంకెలు బలహీనం కాబట్టి హాలు డబ్బాకు మైనస్ 74 ప్రాంతంలో చేరుతుంది. దానికి తోడు చుట్టుపక్కల ఇళ్ల వైఫైల రొద. మాట ముక్కలు కాక ఏమవుతుంది?

ఇంకొక డబ్బా కొని ఉంటే ఈ జబ్బు తగ్గేది కాదు. మా మెష్‌లో మూడు డబ్బాలూ ఒకే ఛానలు మీద నడుస్తాయి. శ్రీరామనవమికి ఒకే వీధిలో మూడు పందిళ్లలో మైకులు పెడితే ఏ పందిట్లో హరికథ ఎవరికీ అర్థం కాదు. వైఫై డబ్బాలు కాస్త మర్యాదగలవి. ఒకే ఛానలు మీద మరొక డబ్బా మాట్లాడడం వినబడితే ఆగి, తమ వంతు కోసం ఎదురుచూస్తాయి. గొంతులు పెద్దవైన కొద్దీ ఒకరి మాట మరొకరికి వినబడి, అందరూ ఆగవలసి వస్తుంది.

ఇక చేసిన పని. మా డబ్బా యాప్‌లో లోపలి సెట్టింగులలో "ట్రాన్స్‌మిట్ పవర్" అన్నచోట 100, 75, 50, 25 శాతం అని నాలుగు మెట్లు ఉన్నాయి. ఇక్కడ ఒక లెక్క గమనించాలి. 50 శాతం అంటే సగం దూరం కాదు. శక్తి సగమైతే తగ్గేది 3 డిబిఎం మాత్రమే. అడ్డంకులు లేని చోట దూరం సుమారు 70 శాతం మిగులుతుంది. దూరం సగం కావాలంటే శక్తి నాలుగో వంతుకు, అంటే 25 శాతానికి రావాలి. అది 6 డిబిఎం తగ్గుదల.

డబ్బాలు రెండు భాషలలో పలుకుతాయని మీకు తెలిసే ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదైనది కాని గోడలు దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది కాని గోడ దగ్గర నీరసిస్తుంది. కనుక ఎక్కువగా తగ్గించవలసింది 2.4ని. హాలు డబ్బా 2.4ని 25 శాతానికి తెచ్చాను. నైరుతి గదిలో దాని అంకె మైనస్ 66 నుంచి మైనస్ 72కి దిగింది. హద్దు దాటింది. ఫోను గుమ్మం దాటి రెండడుగులు వేయగానే గది డబ్బాకు మారడం మొదలుపెట్టింది. 200 మిల్లీవాట్లు 50 అయ్యాయి. డఫేదారు గొంతూ ముసలాయన గొంతూ ఇప్పుడు దాదాపు సమానమయ్యాయి.

5 గిగాహెర్ట్జ్‌ను మాత్రం 75 శాతం దగ్గరే ఆపాను. కారణం ఉంది. మేడ మీది డబ్బాకు తీగ వేయించాము. నైరుతి గది డబ్బాకు తీగ లేదు. అది 5 గిగాహెర్ట్జ్ మీదనే హాలు డబ్బాతో మాట్లాడుకొని ఇంటర్నెట్టు తెచ్చుకొంటుంది. మరీ తగ్గిస్తే ఫోనుకూ డబ్బాకూ మధ్య సంబంధం బాగుపడి, డబ్బాకూ డబ్బాకూ మధ్య తెగుతుంది. మండల కార్యాలయం బాగానే ఉండి కలెక్టరేటుకు తపాలు ఆగిపోయినట్లు అవుతుంది. తగ్గించిన ప్రతిసారీ యాప్‌లో డబ్బాల మధ్య సంబంధం ఎలా ఉందో చూసుకోవాలి.

ప్రతి ఉత్తర్వుకూ ఎక్కడి నుంచో ఒక అభ్యంతరం వస్తుంది. 2.4 తగ్గించగానే గేటు దగ్గరి కెమెరా బొమ్మ ఆగిపోయింది. అది హాలు డబ్బా కేక మీద బ్రతుకుతోంది. చాలా డబ్బాలలో ఒక పరికరాన్ని ఫలానా డబ్బాకే కట్టివేసే వీలుంటుంది. మేడ బాల్కనీకి గేటు ఎదురుగానే ఉంటుంది కాబట్టి కెమెరాను మేడ డబ్బాకు కట్టాను. ఆ డబ్బాను 50 శాతం మీద ఉంచాను. కట్టివేయడం నిలబడి ఉండే వస్తువులకే పనికివస్తుంది. ఫోనును మాత్రం అలా కట్టకండి. అది మనతో నడిచేది.

మీ ఇంట్లో చేయదలచినవారికి నాలుగు సూచనలు. మొదట డబ్బాల చోటు చూడండి. టీవీ వెనుక, ఇనుప బీరువా పక్కన, చేపల తొట్టె చాటున ఉంటే ముందు అక్కడి నుంచి తీయండి. శక్తి సంగతి ఆ తరువాత. రెండవది, ఇప్పుడున్న అంకెలన్నీ కాగితం మీద రాసుకోకుండా ఏదీ ముట్టుకోకండి. పాత స్థితికి వెళ్లే దారి చేతిలో ఉండాలి. మూడవది, ఒకసారికి ఒక్క మార్పే చేయండి, ఒక మెట్టే దిగండి, ఒక రోజు ఆగండి. నాలుగవది, పరీక్ష గీతలతో చేయకండి. ఎవరికైనా ఫోను చేసి, మాట్లాడుతూ ఇల్లంతా నడవండి. వరండా నుంచి వంటింట్లోకి, అక్కడి నుంచి మేడ మీదికి. మాట తెగకపోతే సరిపోయినట్లు.

కొన్ని కంపెనీల డబ్బాలలో ఈ శక్తి సెట్టింగే ఉండదు. "మేమే చూసుకొంటాము" అంటారు. అటువంటప్పుడు డబ్బాల మధ్య దూరం పెంచవచ్చు. చిన్న ఇంట్లో మూడు డబ్బాలు ఉంటే ఒకదానిని ఒక రోజు ఆపి చూడవచ్చు. వీలైతే తీగ వేయించవచ్చు. తీగకు మించిన సిగ్నల్ లేదు. రెండు పడకగదుల అపార్టుమెంటులో ఉన్న మన మిత్రులు చాలామందికి మంచి చోట పెట్టిన ఒక్క రౌటరు చాలు.

ఒక సందేహం మీ ముఖాలలో కనబడుతోంది. "రేడియేషన్ తగ్గుతుందని కదా తగ్గించారు?" అని. కాదండీ. ఇళ్లలోని వైఫై శక్తి అంతర్జాతీయ భద్రతా హద్దులకు ఎన్నో రెట్లు దిగువనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి తీగలేని యంత్రాల గురించి 2006లోనే ఈ మాట చెప్పింది. భయంతో తగ్గించనవసరం లేదు. మాట నిలవడం కోసం తగ్గించాలి.

హద్దులంటే గుర్తుకొచ్చింది. ఈ గాలి దారిని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి మన ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్‌కు 2005లో నిబంధనలు ఇచ్చింది. 5 గిగాహెర్ట్జ్‌లో వెసులుబాటును 2018లో విస్తరించింది. రెండింటికీ గరిష్ఠ శక్తి ఇంత అని కట్టడి ఉంది. విదేశాల నుంచి పిల్లలు తెచ్చిన డబ్బా అయితే, సెట్టింగులలో దేశం అన్నచోట ఇండియా ఉందో లేదో చూసుకోండి. గరిష్ఠం అన్నది అనుమతి మాత్రమే, ఆదేశం కాదు. ఎల్.టి.సి. అర్హత ఉందని ప్రతివారం ప్రయాణం చేయము కదా. పైగా ఈ దారి పొరుగువారిది కూడా. మన డబ్బా కేక పక్కింటి గోడ దాటినంత మేర వారి డబ్బా ఆగి వంతు కోసం చూడవలసి వస్తుంది. అయిదంతస్తుల భవనంలో అందరూ నూరు శాతం మీద ఉంటే అందరికీ నష్టమే.

చివరిగా ఒక్క మాట. మనలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు ఇద్దరే ఉంటున్నారు. కొందరిళ్లలో ఒక్కరే. మంచం దగ్గర నుంచి, స్నానాల గది గుమ్మం నుంచి ఫోను పలుకుతుందో లేదో అవసరం వచ్చిన రాత్రి తెలుసుకోకూడదు. ఈ వారంలోనే ఒక పగటిపూట, మనకు తీరిక పుష్కలం కాబట్టి, ఫోను పట్టుకొని ఇల్లంతా నడిచి చూడండి. మాట ఎక్కడ తెగుతోందో రాసుకోండి. కొత్త డబ్బా కొనే ముందు ఉన్న డబ్బాల గొంతు తగ్గించి చూడండి. అనుమానం ఉన్నవారు మీ అంకెల కాగితం తీసుకొని మంగళవారం సాయంత్రం సంఘం కార్యాలయానికి వస్తే, కూర్చొని చూద్దాము. దానికి ఫీజు లేదు, ఒక కప్పు టీ చాలు.